ఒక లవణము తీర్చిన తగవు

రావల్కోలు గ్రామమునకు దక్షిణదిశగా, మౌలాలీ ప్రాంతమున, న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు కలదు. 1971లో నెలకొల్పబడిన ఈ కర్మాగారము అణు ఇంధనముతోపాటు టాంటలము, నియోబియము అను అరుదైన లోహములను గూడ తయారుచేసినది. నెల్లూరు అభ్రకపు గనుల సీమలో దొరకు కొలంబైటు వంటి ఖనిజములలో ఈ రెండును పెనవేసికొని యుండును. ఇవి వేర్వేరు మూలకములని నిస్సంశయముగా తేలుటకు శాస్త్రజ్ఞులకు అరువది యేండ్లకు పైగా పట్టెను. ఆ తగవును తీర్చినది ఒక ఫ్లోరైడు లవణము. దాని కథయే నేటి ప్రసంగము.

1801లో ఇంగ్లండున హాచెట్టు ఒక క్రొత్త మూలకమును కనుగొని కొలంబియ మనెను. మరుసటి యేడు స్వీడనున ఎకెబర్గు టాంటలమును ప్రకటించెను. 1809లో వొలాస్టను రెండును ఒకటే యని తీర్పు చెప్పెను. ఆయన పెద్దవాడు గనుక లోకము నమ్మినది. 1844లో జర్మను శాస్త్రజ్ఞుడు రోజె కాదని, రెండవదానికి నియోబియ మని పేరిడెను. కాని ఆయనయే పెలోపియ మను మూడవదానిని గూడ ఊహించెను. మరికొందరు ఇల్మెనియము, డయానియము అనిరి. పేర్లు పెరిగెనే గాని చిక్కు విడలేదు.

1866లో జెనీవా వాసి మారిన్యాక్ వాదము మాని ద్రావణము పట్టెను. ఖనిజపు ఆక్సైడులను హైడ్రోఫ్లోరిక్ ఆమ్లమున కరగించి, పొటాసియం ఫ్లోరైడును చేర్చి చల్లార్చెను. టాంటలము వర్ణరహితమగు సూదుల వంటి స్ఫటికములై అడుగున నిలిచినది. అదియే పొటాసియం ఫ్లోరోటాంటలేటు. ఇందు రెండు పొటాసియము, ఒక టాంటలము, ఏడు ఫ్లోరిన్ పరమాణువు లుండును. ఇది కరగుటకు సుమారు నూటయేబది రెట్ల చల్లని నీరు కావలెను. నియోబియపు లవణమునకో పండ్రెండు రెట్లు చాలును. అందుచే అది నీటిలోనే నిలిచిపోయెను. మూడవ మూలకమునకు చోటే లేకపోయెను.

ఈ లవణమునకు ఒక బలహీనత కలదు. కొంచెము ఆమ్లము మిగిల్చి యుంచనిచో, మరిగించినప్పుడు అది చెడి, కరగని వేరొక పదార్థ మగును. గాజును సైతము తినివేయు ఆమ్లముతో పని గనుక మిక్కిలి జాగ్రత్త వలయును.

నేడు పెద్ద కర్మాగారములలో ఈ జంటను విడదీయుటకు వేరు ద్రావకములు వచ్చినవి. అయినను టాంటలపు పొడికి ఈ లవణమునే సోడియముతో వేడిచేయుదురు. మన చేతి ఫోనులలోని చిన్న కెపాసిటరులకు ఆ పొడియే ఆధారము. పెద్దల తీర్పు తీర్చలేని సందేహమును గిన్నెలోని సూదిమొనల స్ఫటికములు తీర్చినవి. మాటకంటె కొలత గొప్ప దనుటకు ఇంతకంటె సాక్ష్య మేల?