ఎర్ర పంపు, పచ్చ పంపు



బోరు నీళ్లు అద్దంలా తేటగా వస్తే చాలు, మంచివే అనుకుంటాం మనం. బంగ్లాదేశ్ రైతులూ అలాగే అనుకున్నారు. వాళ్ల కథ ఒక్కసారి చదవండి.

అక్కడి పల్లెల్లో ఒకప్పుడు చెరువు నీళ్లు తాగేవాళ్లు. కలరా, విరేచనాలతో పసిపిల్లలు చనిపోయేవారు. అందుకని 1970ల నుంచి ప్రభుత్వం, యునిసెఫ్ కలిసి ఊరూరా బోరింగులు వేయించాయి. జనం సొంత డబ్బుతో కూడా వేసుకున్నారు. ఉద్దేశం మంచిదే. కానీ హిమాలయాల నుంచి నదులు మోసుకొచ్చిన ఒండ్రులో ఆర్సెనిక్ ఉంది. మన పెద్దలు పాషాణం అనేది దీన్నే. నీళ్లలో కలిస్తే రంగు, రుచి, వాసన ఏవీ ఉండవు. కాచినా పోదు. ఏళ్ల తరబడి తాగాక ఒంటిమీద మచ్చలొచ్చి, అరచేతులు గట్టిపడి, కొందరికి క్యాన్సర్ దాకా వచ్చింది.

1993లో అక్కడి బావుల్లో ఆర్సెనిక్ ఉందని తేలింది. 3.5 కోట్ల నుంచి 7.7 కోట్ల మందికి ముప్పని 2000లో అంచనా వేశారు.

మరి ఏ బోరింగులో ఉందో తెలిసేదెలా? సీసాలో నీళ్లు పోసి, మందులు కలిపి, మూతికి మందు పూసిన కాగితం పెడతారు. ఆర్సెనిక్ ఆవిరిగా లేచి తగిలితే తెల్ల కాగితం పసుపు, ఆపైన గోధుమ రంగుకు మారుతుంది. ఇలా పరీక్షించి చెడ్డ పంపుకి ఎర్ర రంగు, మంచి పంపుకి పచ్చ రంగు వేశారు.

పచ్చ పంపు దగ్గర్లో లేనివాళ్ల సంగతి? కుష్టియా ప్రాంతానికి చెందిన రసాయన శాస్త్రవేత్త అబుల్ హుస్సామ్ 'సోనో' ఫిల్టరు తయారుచేశారు. ఒకదానిపై ఒకటి రెండు బకెట్లు, వాటిలో ఇసుక, బొగ్గు, ఇటుక ముక్కలు, శుద్ధిచేసిన ఇనుప రజను. అంతే, కరెంటు అక్కర్లేదు. రజను తుప్పు పడుతుంది. నీళ్లు రజనులోంచి దిగేటప్పుడు ఆర్సెనిక్ తుప్పుకి అతుక్కుని అక్కడే ఆగిపోతుంది. 2007లో దీనికి అమెరికాలో 10 లక్షల డాలర్ల బహుమతి వచ్చింది. అందులో ఎక్కువ భాగం ఫిల్టర్లు పంచడానికే కేటాయించారాయన.

ఈ ఫిల్టరు మనమూ పెట్టేసుకుందాం అనుకోకండి. మన నల్గొండ బాధ ఫ్లోరైడ్, దాని మందు వేరు. ఏ విషముందో తెలియకుండా ఏ ఫిల్టరు కొన్నా డబ్బు దండగే.

పొలానికి మట్టి పరీక్ష చేయిస్తున్నాం కదా. ఇంట్లో పిల్లలు తాగే నీళ్లకి ఎప్పుడైనా చేయించామా? చేయించినవాళ్లు కామెంట్లో చెప్పండి, పదిమందికీ పనికొస్తుంది.