గండిలో కోడలు, నీటికింద ఊళ్లు

ఉర్సులా లెగ్విన్ 1973లో అచ్చువేసిన ఒమెలాస్ కథలో ఊరంతా పండగ. ఆ సుఖమంతా ఒక నేలమాళిగలో మగ్గే బిడ్డ మీద నిలబడి ఉంటుంది, ఆ సంగతి అందరికీ తెలుసు. తట్టుకోలేని కొందరు ఊరొదిలిపోతారు. రాయలసీమకు ఇది కొత్త కథేమీ కాదు. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువుకు గండిపడితే, బసిరెడ్డి కోడలు ముసలమ్మను బలిస్తేనే కట్ట నిలుస్తుందని గ్రామదేవత పలికిందట. ఆమె ఇంట్లోవాళ్ల దగ్గర సెలవు తీసుకుని గండిలోకి నడిచిపోయింది. కట్టమంచి రామలింగారెడ్డి 1899లో దీన్నే కావ్యం చేశారు. అయితే మన కథలో ఊరొదిలేవాళ్లు లేరు. వాళ్ల అవసరమే రాలేదు: అడిగింది దేవత, ఒప్పుకున్నది కోడలు, ఊరు చేసిందల్లా ఆమెకు మొక్కడం. పాపాన్ని పాతిపెట్టడానికి గుడిని మించిన చోటు లేదు.

ఇది పుక్కిటి పురాణం, చరిత్ర ఎలా అవుతుందని అడగొచ్చు. బలి నిజంగా జరిగిందని నేనూ అనను. కానీ తాము తాగే నీళ్ల కోసం ఎవరో ప్రాణమిచ్చారని ఊరు తరతరాలుగా చెప్పుకుంది. ఆ ప్రాణం పెత్తందారుది కాదు, పుట్టింటి ఆడపడుచుదీ కాదు, బయటినుంచి వచ్చిన కోడలిది. ఇంత లెక్కగా ఎంచుకోవడం దేవత పనిలా కనిపించదు. ఇష్టపడే వెళ్లింది కదా అన్నా, ఆ ఇష్టాన్ని మనకు చెబుతున్నది కట్ట నిలిచాక బతికినవాళ్లే.

ఇదే కథ మన కాలంలోనూ నడిచింది. గడివేముల, నంద్యాల, ఆళ్లగడ్డ వైపు కాలువ నీళ్ల మాటెత్తితే పోతిరెడ్డిపాడు రాకుండా ఉండదు. శ్రీశైలం జలాశయం నీళ్లు అక్కణ్ణుంచి బనకచర్లకు చేరి శ్రీశైలం కుడి కాలువ (ఎస్సార్బీసీ)గా, తెలుగుగంగగా చీలతాయి. ఆ జలాశయం కింద అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్లు వంద దాకా ఉన్నాయి, కదిలిన జనం లక్ష దాకా. 1981లో ఇళ్లు కూలగొట్టి మరీ ఖాళీ చేయించారు. ఇక్కడ దేవత స్థానంలో ప్రాజెక్టు వచ్చింది, మిగతా కథ అదే. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాయికి రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. సప్తనదుల సంగమంలోని సంగమేశ్వరం నీళ్లలోనే ఉండిపోయింది. వేసవిలో మట్టం తగ్గితే గుడి బయటపడుతుంది, వేపలింగానికి పూజలు జరుగుతాయి, జనం తిరునాళ్లలా వస్తారు. అదే నీళ్లలో మునిగిన ఇళ్ల పునాదుల కోసం వచ్చేవాళ్లు తక్కువ.

డ్యామ్ లేకపోతే సీమ ఎండిపోయేది కదా, పరిహారం కూడా ఇచ్చారు కదా అనేవాళ్లున్నారు. మొదటిమాట ఒప్పుకోవాల్సిందే. ఆయకట్టు రైతును దోషిగా నిలబెట్టడం అన్యాయం, అతను ఎవరినీ ముంచలేదు. రెండోది మాత్రం నిలవదు. పరిహారంతో లెక్క తేలిపోయి ఉంటే, ముంపు కుటుంబాలకు ఉద్యోగాల్లో ప్రాధాన్యమిస్తూ 1986లో 98 జీవో తేవాల్సిన పని పడేది కాదు. అర్హత ఉండీ ఉద్యోగం రానివాళ్లు దశాబ్దాల తర్వాత కూడా ఆ జీవో నంబరు పట్టుకుని ధర్నాలు చేశారు. ముసలమ్మకు గుడి కట్టి ముగించినట్టు వీళ్ల కథను ముగించడం కుదరలేదు, వీళ్లు బతికే ఉన్నారు, అర్జీలు పెడుతున్నారు.