దారపుటేనుగు

 

చరిత్రమును గూర్చిన ప్రసంగమనగా రాజులు, యుద్ధములు, కోటలు, శాసనములు వచ్చునని మీరెదురుచూచుట సహజము. చంద్రగిరి కోట మా యూరికి దాపుననే కలదు. దానిని గూర్చి చెప్పువారు పలువురు కలరు. నేడు నేను చెప్పబోవునది పిడికిట ఇమిడెడి యొక దారపుటేనుగు చరిత్రము. దీనికి కోట లేదు, శాసనము లేదు. చరిత్రము మాత్రము కలదు. ఆ చరిత్రమున నా తప్పొకటి చేరియున్నది గనుక దానిని నేనే చెప్పవలసియున్నది.

మా యింట దసరాలకు బొమ్మల కొలువు పెట్టుట తరతరముల వాడుక. పై మెట్టున ఎఱ్ఱచందనపు దంపతుల బొమ్మలుండును. తిరుపతికి వచ్చిన యాత్రికులు లడ్డు ప్రసాదముతోపాటు ఇంటికి కొనిపోవుచుండిన బొమ్మలివియే. శేషాచలపు టడవులలో పెరుగు ఆ చెట్టు లోకమున మఱి కొన్ని కొండలలో తప్ప సహజముగ పెరుగదు. 1995వ సంవత్సరమున అంతర్జాతీయ వ్యాపారముపై కట్టడి గల వృక్షముల పట్టికలో దానిని చేర్చిరి. కావున మా పాత బొమ్మలను బంగారమువలె దాచుకొనుచున్నాము. ఆ కొలువున అన్నిటికంటె క్రింది మెట్టున, మూలగా, మాసిన తెల్లదారముతో అల్లిన చిన్న యేనుగొకటి యుండును. లోపల బూరుగు దూది. కన్నులకు రెండు నల్లపూసలు.

ఇటీవల నా మనుమరాలు కొలువు సర్దుచు ఆ యేనుగును చేతికి తీసికొని, దీపముక్రిందకు పోయి, దాని కుట్లను వ్రేలితో లెక్కింపసాగెను. నాలుగు సాయంకాలములలో, నేను గడియారము చూచి లెక్కింపగా పదునొకండు గంటలలో, అట్టిదే మరియొక యేనుగును అల్లి నా ముందుంచినది. "తాతా! దీనిని అల్లినవారికి గణితము బాగుగ వచ్చును" అనెను. ముప్పదియైదేండ్లు పాఠములు చెప్పినవాడను. ఆ మాట నాకెన్నడును తోచలేదు.

ఆ గణితమెట్టిదో వినుడు. కొనయందు చిన్న కొక్కెము గల సూది యొక్కటే పనిముట్టు. మొదట దారమును ఉచ్చుగా చేసి అందులో ఆరు కుట్లు వేయుదురు. రెండవ చుట్టున ఒక్కొక్క కుట్టునందు రెండేసి వేసిన పండ్రెండగును. తరువాత పదునెనిమిది, ఆపైన ఇరువది నాలుగు, ముప్పది. చుట్టు చుట్టునకు ఆరు పెంచుచు పోయిన అప్పమువలె చదునైన బిళ్ల వచ్చును. పెంచుట మానిన అంచు లేచి గిన్నెయగును. ఇంకను పెంచక చుట్టిన గొట్టమగును. కుట్లను తగ్గించుచు పోయిన మూతి మూసికొనును. మూయుటకు ముందే దూది కూరుదురు. ఆరేయేల యనగా, బిళ్ల వ్యాసార్ధము ఒక కుట్టంత పెరిగినపుడు దాని పరిధి ఆరింతలకు కొంచెము మించి పెరుగును. క్రీస్తుశకము 499వ సంవత్సర ప్రాంతమున ఆర్యభటుడు చెప్పిన పరిధి లెక్క 3.1416, దానిని రెట్టించిన 6.28. నేను నల్లబల్లపై వ్రాసిన ఆ లెక్కను మా అక్క దారముతో వ్రాసినది. ఆ యేనుగు మా అక్క అల్లినదే.

ఈ విద్య మనకెట్లు వచ్చెనో చూతము. దీనిని క్రోషా అందురు. అది ఫ్రెంచి మాట, చిన్న కొక్కెమని అర్థము. రెండు సూదులతో చేయు ఉన్ని అల్లిక ప్రాచీనము. ఈ ఒంటి కొక్కెపు అల్లిక యూరపు ఖండమున 19వ శతాబ్దమున ప్రబలినది. దీని నమూనాలు అచ్చులో తొలిసారిగ వెలువడినది హాలండు దేశపు స్త్రీల పత్రికయందు, 1823 ప్రాంతమున. తరువాత ఐర్లండు దేశమున 1845 మొదలు ఉర్లగడ్డ పంట తెగులుపడి ఘోరమైన కరవు వచ్చెను. 1876–78 సంవత్సరముల ధాత కరవును గూర్చి మన పెద్దలు తమ పెద్దలవలన విన్నదానిని తలచుకొనిన ఆ కరవెట్టిదో తెలియును. అక్కడి క్రైస్తవ సన్యాసినులు పేద యిండ్ల స్త్రీలకు ఈ అల్లిక నేర్పిరి. కొక్కెపు సూదియు దారపు టుండయు అనేక కుటుంబములకు గంజి పోసినవి.

తెలుగుదేశమున దీనికి పుట్టినిల్లు గోదావరి తీరమందలి నరసాపురము. 1836లో బౌడన్, బీర్ అను ఇంగ్లీషు మతప్రచారకులు ఆ ప్రాంతమునకు వచ్చిరి. 1844 ప్రాంతమున మాక్రే అను స్కాట్లండు దంపతులు అచటి స్త్రీలకు లేసు అల్లిక నేర్పిరని చెప్పుకొందురు. క్రమముగ ఆ పని చుట్టుపట్ల పల్లెలకు వ్యాపించెను. వర్తకుడు దారము పంపును. స్త్రీలు ఇండ్లలో కూర్చుండి అల్లుదురు. సరకు ఓడలెక్కి సీమకు పోవును. మారియా మీస్ అను జర్మను విదుషి అచ్చటి పల్లెలలో తిరిగి, ఆ స్త్రీలను గూర్చి 1982లో నొక గ్రంథము ప్రకటించెను. తీరిక వేళ ఇల్లాండ్రు చేయు పనియని వర్తకులు చెప్పుచుండగా, ఆ స్త్రీలు ఇంటి చాకిరికి తోడు దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు అల్లుచుండిరని ఆమె కనుగొనెను. వారికి దక్కిన కూలి ప్రభుత్వము నిర్ణయించిన కనీసపు కూలికి ఎంతయో తక్కువ. 2024లో నరసాపురపు అల్లికకు భౌగోళిక గుర్తింపు లభించినది. పేరు ఊరికి దక్కినది, అది మంచిదే.

మా సీమకు ఈ విద్య బాలికల పాఠశాలల కుట్టుపని తరగతులవలన చేరినది. 1853లో ఏర్పడిన అమెరికను ఆర్కాటు మిషనువారు చిత్తూరు, పలమనేరు, మదనపల్లె ప్రాంతములయందు బడులు నడపిరి. పిమ్మట ప్రభుత్వపు బాలికోన్నత పాఠశాలలు వచ్చినవి. కుట్టుపని బాలికల చదువున నొక భాగముగ నుండెను. మా అక్క 1960 తరువాతి దినములలో అట్టి తరగతిలోనే కొక్కెపు సూది పట్టినది.

ఇంతకు ఏనుగే యేల? బొమ్మల చరిత్రమున దీనికిని స్థానము కలదు. మన తల్లులు ఉయ్యాలపై గుడ్డ చిలుకలను గుత్తిగా కట్టుట ఎఱుగనివారు లేరు. పాతగుడ్డ, లోపల దూది, కొన దారము; అంతియే. జర్మనీ దేశమున గీంగెన్ అను చిన్న యూర మార్గరెటె స్టైఫ్ అను నామె యుండెను. బాల్యమున పోలియో సోకి కాళ్లు పడిపోగా చక్రముల కుర్చీయందే జీవించినది. ఆమె 1880 ప్రాంతమున, గుండుసూదులు గ్రుచ్చుకొనుటకై, ఒత్తిన ఉన్నిగుడ్డతో చిన్న యేనుగులను కుట్టి అమ్మెను. పిల్లలు వానిని లాగికొని ఆడుకొనసాగిరి. దానితో ఆమె వ్యాపారము సూదులను విడిచి బొమ్మలకు తిరిగెను. 1902లో వారు చేసిన ఎలుగుబంటి తరువాత లోకమెల్ల ప్రసిద్ధికెక్కినది. దూది కూరిన బొమ్మల వ్యాపారమునకు పాదువేసినవానిలో ఆ యేనుగొకటి.

అల్లికను, ఈ దూది బొమ్మను కలిపి జపాను దేశస్థులు ఇరువదవ శతాబ్దమున అమిగురుమి అను పేరుతో నొక కళగా పెంచిరి. అము అనగా అల్లుట. నుయిగురుమి అనగా దూది కూరిన బొమ్మ. గత పాతికేండ్లలో ఆ పేరు దేశదేశములకు పాకి, మా మనుమరాలి నోటికిని వచ్చినది. మా అక్కకు ఆ పేరు తెలియదు. మిగిలిన దారము పారవేయ మనసొప్పక నా కూతురికొఱకు ఏనుగును చేసినది.

ఇక నా తప్పు. అక్క చిన్నతనమునందే భర్తను పోగొట్టుకొని యిద్దరు బిడ్డలతో మా పంచకు చేరెను. తిరుపతిలో నొక వర్తకుడు దారమిచ్చి తోరణములు, బల్లగుడ్డలు అల్లించుకొనుచుండెను. ఆ కూలితో ఆమె బిడ్డలిద్దఱిని చదివించెను. మాకు భారము కాలేదు. 1991లో జనాభా లెక్కలు వచ్చినవి. ఉపాధ్యాయులమైన మేమే ఇల్లిల్లు తిరిగి వ్రాసితిమి. మా వీధి నా పాలికి వచ్చెను. మా యింటి వంతు రాగా అరుగుమీద కూర్చుండి వ్రాసితిని. అక్క నా యెదుటనే గుమ్మమున కూర్చుండి అల్లుచున్నది. ఆమె ఏమి పని చేయునని నేనడుగలేదు. ఇంటిపని యని వ్రాసితిని. ఆ పత్రమున గృహపరిశ్రమ అను పద్దు కలదు. దానిని శిక్షణయందు మాకు చదివి వినిపించిరి కూడ.

"నాకేమి వ్రాసితివి నాయనా?" అని అక్క యడిగెను.

"ఇంటిపని యని వ్రాసితిని."

ఆమె సూది ఆపక, "నిజమే, ఇంటనేగదా కూర్చుండి చేయుచున్నాను" అనెను.

అంతటితో ఆ మాట ముగిసినది. ఆమె గతించి చాల యేండ్లైనది. మనుమరాలు ఆ యేనుగు కుట్లు లెక్కించిన దినము రాత్రి నాకు నిద్ర రాలేదు.

తిరుమల ఆలయమున పదవ శతాబ్దమున పల్లవరాణి సామవై వెండి విగ్రహమును సమర్పించి, భూములిచ్చినట్లు రాతిపై చెక్కియున్నది. ఇచ్చినవారి పేరు మనము నేటికిని చదువుచున్నాము. ఆ వెండిని కరగి మలచిన చేతుల పేరు మనము వినము. చేసినవారి పేరు రాతికెక్కకపోవుట లోకరీతి కావచ్చును. కాని నా చేతిలోనున్నది రాయి కాదు, కాగితము. చెక్కవలసిన పని లేదు, ఒక్క మాట వ్రాసిన చాలియుండెను.

మరియొక విషయము చెప్పి ముగింతును. రెండు సూదుల అల్లికకు 1589లోనే ఇంగ్లండున విలియం లీ యంత్రము కనిపెట్టెను. ఈ కొక్కెపు అల్లికను చేతివలె చేయు యంత్రము మాత్రము నేటికిని మిల్లులలో వాడుకలో లేదు. కావున సంతలో గాని, పట్టణపు టంగడిలో గాని, ఎంత చవుకగా దొరకిన క్రోషా బొమ్మయైనను ఎవరో యొకరు కూర్చుండి కుట్టు కుట్టునకు చేతితో అల్లినదే. ధర చవుకయైనచో ఆ తగ్గింపును ఎవరో తమ కన్నులతోను, నడుముతోను భరించియుందురు. దానిని బేరమాడునపుడు ఈ సంగతి తలచుకొనుడు.

పెద్దలారా! జనాభా లెక్కలకు పంతులు మీ గుమ్మమునకు వచ్చినపుడు ఇంటి పెద్దగా బదులు చెప్పువారు మీరే. మీ యింట బుట్టలల్లునది, విస్తళ్లు కుట్టునది, పాలు పితికి కేంద్రమునకు పంపునది, లేసు అల్లునది ఎవరో, వారి పేరు చెంత వారి పనిని చెప్పి వ్రాయింపుడు. అతడు తొందరపడి ఇంటిపని యని వ్రాయబోయిన, కలమును ఆపింపుడు. నన్నాపినవారు ఆనాడు లేకపోయిరి.

మా కొలువున ఈ యేడు ఆ రెండేనుగులును పై మెట్టునకు, ఎఱ్ఱచందనపు దంపతుల ప్రక్కకు చేరినవి. చిన్న చీటిపై మా అక్క పేరును, దాని క్రింద "అల్లిక పని" అనియు వ్రాసి పెట్టితిని. సెలవు.