చెన్నపురి రాత్రులు

పట్టణము పెరిగినకొలది దాని రాత్రియు పెరుగును. పగలు వర్తకము సాగిన వీథులే దీపములు వెలిగినపిమ్మట వినోదమునకు నెలవులగును. 1911లో జార్జిటవునను పేరు పొందిన చెన్నపురి పాతపేట యిట్టిదే. అచ్చటి శ్రీమంతుల శుభకార్యములకు భోగమేళము మర్యాదాచిహ్నముగా నుండెడిది. ఆ పేటలోనే వీణ ధనమ్మాళ్ (1867–1938) శుక్రవారపు సాయంకాలములందు తన యింట వీణ వాయింపగా, మహావిద్వాంసులు చప్పుడు చేయక కూర్చుండి వినెడివారు. భోగమును విద్యయు నొకే కప్పుక్రింద నుండిన కాలమది.

1893లో హిందూ సంఘసంస్కరణ సమాజమువారు, మేళములున్న విందులకు పోవలదని రాజప్రతినిధిని, గవర్నరును వేడుకొనిరి. ప్రభువులు సమ్మతింపలేదు, సంస్కర్తలు పట్టు విడువలేదు. తెలుగునాట కందుకూరి వీరేశలింగముగారును, రఘుపతి వేంకటరత్నము నాయుడుగారును ఈ యుద్యమమునకు ప్రాణము పోసిరి.

ఈ వేంకటరత్నముగారి సోదరుడే రఘుపతి వెంకయ్యగారు. బందరులో పుట్టి, చెన్నపురిలో ఛాయాచిత్రశాల నడిపి, 1914 ప్రాంతమున మౌంటురోడ్డు చేరువ గెయిటీ యను సినిమాశాలను కట్టించిరి. పిమ్మట మింటువీథిలో క్రౌన్, పురసవాకములో గ్లోబు వెలసినవి. అన్న పాత రాత్రిని మూయ బూనెను. తమ్ముడు క్రొత్త రాత్రికి తలుపు తెరచెను. ఒకప్పుడు ఆహ్వానితులకే దక్కిన వినోదము, అణాలు చెల్లించిన ప్రతివానికి నందుబాటయ్యెను. ఇది సామాన్యమైన మార్పు కాదు.

అయితే ఆ తలుపులో ప్రవేశింప స్త్రీలకు వెంటనే చోటు దొరకలేదు. వెంకయ్యగారి కుమారుడు ప్రకాశ్ 1921 ప్రాంతమున తీసిన భీష్మప్రతిజ్ఞలో గంగపాత్రను ఆంగ్లేయ యువతి పెగ్గీ కాస్టెల్లో ధరించెను. కులస్త్రీలు తెరపైకి రారు. మేళపుస్త్రీలను సంఘము నిందించుచుండెను.

1947లో చెన్నరాష్ట్ర శాసనము దేవదాసీ సమర్పణమును నిషేధించెను. బాలికను పుట్టుకచేతనే యొక వృత్తికి బంధించు ఆచారము పోవలసినదే. అందు సందేహము లేదు. కాని ఆచారమును శాసనము తొలగింపగలదు గాని, దానిపై బ్రదికిన స్త్రీకి అన్నమును గౌరవమును తానై యీయజాలదు. ఆమె సంగీతమును, నాట్యమును సభామందిరములు స్వీకరించినవి. ఆమెను మాత్రము అందరును స్వీకరింపలేదు.

నేడు గెయిటీయు లేదు, మేళములును లేవు. పట్టణపు రాత్రి మాత్రము మఱింత వెలుగుచున్నది. ఏ వినోదశాలనైనను మూయవలెనని కోరునపుడు, దానిలో పనిచేయువారు రేపు ఎట్లు బ్రదుకుదురని ముందుగా అడుగుట సంస్కర్తల ధర్మము.