పై అంతస్తు, కింది అంతస్తు

పీటర్ కార్ట్‌రైట్ ఆత్మకథ (1856) నిండా గుర్రపు ప్రయాణాలే. అమెరికా పడమటి సరిహద్దు అడవుల్లో తిరిగిన మెథడిస్టు బోధకుడాయన. 1816 దాకా ఈ సంచార బోధకుల జీతం ఏడాదికి 80 డాలర్లు, అదీ చేతికొస్తే. ఏ గుడిసెలో చోటు దొరికితే అక్కడే బస. చర్చి కట్టుకునేంత జనం లేని చోటికి చర్చే గుర్రమెక్కి వెళ్ళేది.

ఇంతలో నదుల మీదికి స్టీమర్లొచ్చాయి. అంతకుముందు న్యూ ఆర్లియన్స్ నుంచి లూయీవిల్‌కి ఏటికి ఎదురు పడవ లాక్కురావాలంటే మూణ్ణాలుగు నెలలు. 1817లో 'వాషింగ్టన్' స్టీమరు 25 రోజుల్లో వచ్చేసింది. 1828లో పిట్స్‌బర్గ్‌లో జరిగిన మహాసభకు కార్ట్‌రైట్ కూడా స్టీమరు మీదే వెళ్ళాడు. పడవలో పేకాట, తాగుడు, బూతులు. బోధకుడికి ఇంకేం కావాలి? మధ్యలో లేచి వెళ్ళిపోలేని శ్రోతలు! ఆ పేజీలు భలే సరదాగా ఉంటాయి.

కానీ వాటి పక్కన ఇంకో పుస్తకం పెట్టుకుని చదవాలి. విలియం వెల్స్ బ్రౌన్ 1847లో రాసిన స్వీయకథ. బానిసగా ఉన్న రోజుల్లో యజమాని అతన్ని ఒక బానిసల వ్యాపారికి అద్దెకిచ్చాడు. సెయింట్ లూయిస్ నుంచి న్యూ ఆర్లియన్స్‌కి స్టీమర్లో సరుకు తరలించే పని. సరుకంటే మనుషులు. కింది డెక్కు మీద ఇద్దరిద్దర్ని కలిపి గొలుసులు వేసేవాళ్ళు. ముసలివాళ్ళు వయసులో ఉన్నట్టు కనిపించాలని నెరిసిన వెంట్రుకలు పీకడం, మరీ ఎక్కువుంటే నల్లరంగు వెయ్యడం బ్రౌన్ వంతు. మొగుడికీ పిల్లలకీ దూరమైన ఒకామె నదిలో దూకి చనిపోయింది.

కార్ట్‌రైట్ ఎక్కిన పడవలో బానిసలున్నారని నేననడం లేదు. బానిసత్వం ఆయనకి గిట్టదు కూడా. 1824లో కెంటకీ వదిలి ఇల్లినాయ్‌కి మారడానికి అదొక కారణం. అయితే బానిసత్వాన్ని వెంటనే రద్దు చెయ్యాలన్నవాళ్ళూ ఆయనకి గిట్టరు. ఆయన చర్చిదీ అదే తడబాటు. బానిసల్ని విడిచిపెట్టమని 1784లో నియమం పెట్టింది, కొన్ని నెలలకే పక్కన పెట్టేసింది. 1844లో ఒక బిషప్పుకే బానిసలున్నారన్న గొడవతో నిలువునా చీలింది. పేకముక్కల మీద ఉన్నంత పట్టుదల గొలుసుల మీద ఎందుకు లేకపోయింది? పేక మానిపిస్తే ఎవరి ఆస్తీ పోదు కాబట్టి అనిపిస్తుంది నాకు.

బ్రౌన్ 1834 జనవరి 1న సిన్సినాటి రేవులో స్టీమరు దిగాడు. ఒక పెట్టె భుజానేసుకుని, అడవిలోకి నడిచి వెళ్ళిపోయాడు.