పదార్థానుసమయము – కాండానుసమయము

నేడు దిండుక్కల్లు జిల్లాలోని ఒట్టన్‌చత్రము 1985కు పూర్వము మధుర జిల్లాలోనిది. కూరగాయల సంతకు పేరుగన్న యూరు. తరతరములుగా తెలుగు మాటలాడు రైతుకుటుంబము లా ప్రాంతమున గలవు.

ఆ సంతకు పది బస్తాల వంకాయలు వచ్చిన వనుకొందము. ప్రతి బస్తాను తూచవలెను, ధర కట్టవలెను, లారీ కెక్కింపవలెను. పదింటిని తూచిన పిమ్మటనే ధర కట్టుటయా? లేక ఒక్కొక్క బస్తా పనియంతయు ముగించి రెండవదానిని ముట్టుటయా? కంప్యూటరు భాషలలో జాబితాలపై పనిచేయు ఆపరేటర్లను గూర్చిన ప్రశ్నయు నిదియే.

ఇది మన ప్రాచీనుల కెరుకలేనిది కాదు. జైమిని మీమాంసాసూత్రములలో పంచమాధ్యాయము క్రమవిచారమునకే వినియుక్తమైనది. వాజపేయమున ప్రజాపతికి పదునేడు పశువులు. ఒక సంస్కారమును పదునేడింటికిని జరిపి తరువాతి సంస్కారమునకు పోవుట పదార్థానుసమయము. ఒకదానికి సమస్తమును ముగించి మరియొకదానికి పోవుట కాండానుసమయము. ఇచట మొదటిదే సిద్ధాంతము; కారణమున్నచోట రెండవది. ఇంకొక విశేషము: తొలి సంస్కారము నే పశువుతో నారంభించినను దోషము లేదు గాని, పిదపటివన్నియు నా వరుసనే యనుసరింపవలెను. దీనికి ప్రవృత్తిక్రమ మని పేరు.

బుక్కరాయల కాలమున మాధవాచార్యులు ఈ యధికరణములను జైమినీయన్యాయమాలలో సంగ్రహించిరి. 1370 ప్రాంతమున మధుర సుల్తానుల నోడించి, విజయనగర సేనలకు దక్షిణమున త్రోవ తీసిన కంపరాయ లా బుక్కరాయల కుమారుడే. 16వ శతాబ్దిలో విశ్వనాథనాయకుడు మధుర నేలుటయు నా త్రోవ ఫలమే. సంతలోని రైతునకును ఆ గ్రంథమునకును ఇంతకంటె దగ్గరి చుట్టరికమును నేను చూపజాలను.

ఇక యంత్రముల మాట. 1962లో ఐవర్సన్ తన గ్రంథమున ప్రకటించిన సంకేతపద్ధతిలో రెండు జాబితాలను ఒక్క గుర్తుతోనే కూడవచ్చును: మొదటిది మొదటిదానితో, రెండవది రెండవదానితో. 1990లో వెలువడిన హాస్కెల్ భాష ఫలము కావలసినప్పుడే లెక్క కట్టును. కావున ఒక జాబితాపై రెండు క్రియలను చెప్పి, ఫలముల నొక్కొక్కటిగా నడిగినచో, ప్రతి యంశముపై రెండును ముగించుచు సాగును. ఇది కాండానుసమయమే. 2019 వరకు పెర్ల్ 6 అని పిలువబడిన రాకు భాషలో హైపర్ ఆపరేటరు ఫలముల స్థానములను మాత్రము నియమించి, ఏ యంశమును ముందు గణింపవలెనను నియమమును విడిచినది. వానిని ఏకకాలమున గణించుటకు యంత్రమునకు వీలు కల్పించుటయే దాని యుద్దేశము.

సంఖ్యలను కూడుటలో ఏ క్రమమైనను ఫల మొక్కటే. కాని యా క్రియ ఒక ఖాతా నిలువను మార్చునదైనచో, ఫలములు వరుసగానే యుండి, జరిగిన పని మాత్రము తారుమారు కావచ్చును. సంతలో వేలపు ధర పడిపోవుచుండగా పది బస్తాలు తూచువరకు ఆగిన రైతు సొమ్ము పోగొట్టుకొనును. మీమాంసకు లడిగిన కారణ మిట్టిదే. వారు తొలి యారంభమునకు స్వేచ్ఛ నిచ్చి పిదప కట్టుబాటు చేసిరి. హైపర్ ఆపరేటరునకు ప్రతి పర్యాయమును స్వేచ్ఛయే. ఖాతాలు వ్రాయు పనికి దాని నుపయోగింపక, ఒకదాని వెంట నొకటిగా నడచు సామాన్యపు టావృత్తినే యెన్నుకొనుట మేలని నా యభిప్రాయము.