ముగ్గురు యువకులు, ఒక ఒప్పంద కాగితం: 1883లో అమెరికా పోయిన కొరియా బృందం

కొరియా అంటే ఇప్పుడు మనకు ఫోన్లు, టీవీలు, సీరియళ్ళు గుర్తొస్తాయి. కానీ నూట నలభై ఏళ్ళ కింద ఆ దేశం తలుపులు మూసుకుని ఉండేది. చుట్టూ చైనా, జపాన్, రష్యా కాచుకుని ఉన్నాయి. అలాంటప్పుడు 1882 మేలో చెముల్పో రేవు దగ్గర (ఇప్పటి ఇంచియాన్) అమెరికాతో ఒక ఒప్పందం రాసుకున్నారు. పడమటి దేశంతో కొరియాకు అదే మొదటిది. అందులో మొదటి అంశమే అసలైనది: మన ఇద్దరిలో ఎవరికైనా వేరే దేశం అన్యాయం చేస్తే, రెండోవాళ్ళు మధ్యలో నిలబడి సర్దుబాటుకు ప్రయత్నించాలి. రాజు గోజోంగ్ ఈ మాటను గట్టిగా నమ్మాడు.

మరుసటి ఏడాది అమెరికా తన ప్రతినిధిని సియోల్‌కు పంపింది. బదులుగా రాజు ఒక బృందాన్ని పంపాడు. నాయకుడు మిన్ యోంగ్ ఇక్, రాణికి మేనల్లుడు, వయసు 23. ఆయన తర్వాత హోంగ్ యోంగ్ సిక్, సో గ్వాంగ్ బోమ్. ముగ్గురూ ముప్ఫై దాటనివాళ్ళే! దేశం మొత్తం తరఫున మాట్లాడే పనిని మన పీజీ హాస్టల్ వయసువాళ్ళ చేతిలో పెట్టారన్నమాట.

వీళ్ళలో ఎవరికీ ఇంగ్లీషు రాదు. దారిలో జపాన్‌లో పెర్సివల్ లోవెల్ అనే అమెరికన్‌ను కార్యదర్శిగా కలుపుకున్నారు (తర్వాత రోజుల్లో అంగారక గ్రహం మీద కాలువలున్నాయని వాదించిన ఖగోళ శాస్త్రవేత్త ఈయనే). ఒక చైనా దుబాసీ, ఒక జపాన్ దుబాసీ కూడా ఉన్నారు. కొరియా మాట ముందు జపాన్ భాషలోకో చైనా భాషలోకో పోయి, అక్కడినుంచి ఇంగ్లీషులోకి పోవాలి. ఇంట్లో ఒక భాష, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు దాటుకుంటూ వచ్చిన మనకు ఈ అవస్థ వేరే చెప్పక్కర్లేదు. అటు చేరేసరికి మాటలో ఎంత మిగులుతుందో మనకు తెలుసు.

1883 సెప్టెంబర్ 2న శాన్ ఫ్రాన్సిస్కోలో దిగారు. అక్కడినుంచి రైల్లో తూర్పుకు. సెప్టెంబర్ 18న న్యూయార్క్‌లో ఒక హోటల్లో అధ్యక్షుడు చెస్టర్ ఆర్థర్‌ను కలిశారు. ఆస్థాన దుస్తుల్లో వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, నుదురు నేలకు తాకేలా వంగి నమస్కరించారు. అమెరికన్లు కంగారుపడి, నిలబడే తల వంచారు. అక్కడి పత్రికలు దాన్ని వింతగా బొమ్మ గీసి వేశాయి. మాకైతే అందులో వింతేమీ కనబడలేదు. తమ రాజు ముందు ఎలా వంగుతారో అలాగే వంగారు, అంతే.

తర్వాత వాళ్ళు చూసినవి మామూలువి కావు. బోస్టన్ వైపు నూలు మిల్లులు, పొలాలు, న్యూయార్క్ పోస్టాఫీసు, ఆసుపత్రులు, సైనిక బడి, కరెంటు దీపాలు. చూసి ఊరుకోలేదు కూడా. హోంగ్ తిరిగొచ్చి 1884లో తపాలా శాఖ మొదలుపెట్టాడు, స్టాంపులు వేయించాడు. బృందంలోని చోయ్ గ్యోంగ్ సోక్ ఆదర్శ వ్యవసాయ క్షేత్రం పెట్టాడు. 1887లో రాజభవనంలో ఎడిసన్ కంపెనీ దీపాలు వెలిగాయి.

కానీ తిరిగొచ్చాక వీళ్ళ దారులు చీలిపోయాయి. మార్పు వెంటనే రావాలి, చైనా పెత్తనం పోవాలి అన్నది హోంగ్, సోల పట్టు. మిన్ రాణి పక్షంలోనే ఉండిపోయాడు. 1884 డిసెంబర్ 4న అదే కొత్త పోస్టాఫీసు విందులో తిరుగుబాటు లేచింది. ఒకే ఓడలో పోయినవాళ్ళలో ఒకరి పక్షం కత్తికి మిన్ నెత్తురోడుతూ పడిపోయాడు. హోరేస్ అలెన్ అనే అమెరికన్ డాక్టర్ కుట్లు వేసి బతికించాడు. ఆ నమ్మకంతోనే 1885లో కొరియాలో మొదటి పడమటి తరహా ఆసుపత్రికి రాజు అనుమతిచ్చాడు. తిరుగుబాటు మూడు రోజుల్లో చైనా సైన్యం చేతిలో అణిగిపోయింది. హోంగ్‌ను చంపేశారు, సో పారిపోయాడు, తపాలా మూతపడింది.

చదువుకోడానికి అక్కడే ఆగిపోయిన యు గిల్ జున్ సంగతి మన గ్రూపులో అందరూ తెలుసుకోవాలి. మసాచుసెట్స్‌లో చదివిన ఆయనే అమెరికాలో మొదటి కొరియా విద్యార్థి. సేలంలో జుట్టుముడి తీయించుకుని, తన కొరియా బట్టలను అక్కడ ప్రొఫెసర్ మోర్స్‌కు ఇచ్చేశాడు. అవి ఇప్పటికీ ఆ ఊరి మ్యూజియంలో ఉన్నాయి. తిరుగుబాటు కబురు విని యూరప్ మీదుగా ఇంటికొస్తే నిర్బంధంలో పెట్టారు. ఏళ్ళ తరబడి ఆ నిర్బంధంలోనే ప్రపంచాన్ని తనవాళ్ళకు చెప్పే పుస్తకం రాశాడు. 1895లో అచ్చయిన దాన్ని పండితుల చైనా లిపి ఒక్కదానిలో కాకుండా, కొరియా లిపి కలిపి రాశాడు.

ఇక ఆ మొదటి అంశం ఏమైంది? 1905లో జపాన్ కొరియా మీదికి వచ్చి విదేశీ వ్యవహారాలన్నీ లాక్కుంది. గోజోంగ్ 1882 మాటను గుర్తుచేస్తూ అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు మనిషిని పంపాడు. అప్పటికే అమెరికా జపాన్ వైపు మొగ్గింది. వచ్చిన మనిషిని సమయానికి కలవనే లేదు. ఆ నవంబర్‌లోనే సియోల్‌లో తమ కార్యాలయం మూసేసుకుని వెళ్ళిపోయారు. అన్ని దేశాలకంటే ముందు సర్దుకున్నది వాళ్ళే.